శాంపిల్ కాలు

కుదురుగా కూర్చోవడమనేది మనుషులు కుర్చీ కనిపెట్టాక నేర్చుకున్న విద్య అయ్యుండాలి. ఆ విద్య అబ్బని వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరో ఇద్దరో తగులుతారు. రైలు ఇంకా స్టేషన్‌లోకి రాకముందే తలుపు దగ్గర నిలబడేవాళ్ళు, డాక్టరు దగ్గర వరసలో కూర్చోలేక వరండా కొలిచేవాళ్ళు. ఈ కథలో మనిషి ఆ జాతిది. చిన్నప్పుడు ఎవరో బొంగరం అన్నారు, అదే నిలిచిపోయింది. అసలు పేరు ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు మీద ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు.

అలాంటి మనిషికి గడియారాలు బాగుచేసే మొగుడు దొరికాడు. ముందుగదిలో కిటికీ కింద అతని బల్ల. కంటికి అద్దం బిగించుకుని, ఊపిరి కూడా తప్పదన్నట్టు పీలుస్తూ, చీమ తలకాయంత మరల్ని పట్టకారుతో పట్టుకుని కూర్చుంటాడు. ఇల్లు చెక్క నేల ఇల్లు. ఒక మూల అడుగు వేస్తే ఇంకో మూల గిన్నె మోగుతుంది.

"ఒసే, ఆ కాలు ఆపు. స్ప్రింగు ఎగిరిపోయింది."

"నా కాలు వంటింట్లో ఉంది."

"వంటింట్లో ఉన్నా నా బల్లకి తెలుస్తుంది."

"అయితే బల్లకే చెప్పు, కాస్త సర్దుకోమని."

ఇలా గడుస్తోంది వాళ్ళ కాపురం. అతనికి కోపం వస్తే మాట్లాడడు, ఆవిడకి కోపం వస్తే వీధి చివరిదాకా వెళ్ళి వస్తుంది. ఇద్దరికీ అలా సరిపోయింది.

ఆవిడ పని బూట్ల ఫ్యాక్టరీలో. మొదట్లో కుట్టు హాల్లో ఉండేది, బూటు పైభాగాన్ని ముక్కలు కలిపి కుట్టేవాళ్ళ వరసలో. రోజంతా కూర్చునే పని. ఆ రోజులు ఎలా గడిచాయో ఆవిడకే తెలియదు. నీళ్ళకని లేచేది, దారం అయిపోయిందని లేచేది, పక్కవాళ్ళ దారం అయిపోయినా తనే లేచేది. ఒకరోజు మేస్త్రీ చేతిలో ఒంటి బూటు పట్టుకుని హాల్లోకి వచ్చాడు. కొత్త రకం బూటు ఏది తయారుచేసినా ముందు ఒకే ఒక్క సైజులో శాంపిల్ కుడతారు. అది తొడుక్కుని పరిగెత్తి చూపించడానికి ఆ సైజు పాదమే కావాలి. అంతకు ముందు ఆ పని చేసే మనిషి కాన్పుకి వెళ్ళిపోయింది. మేస్త్రీ వరస వెంట నడుస్తూ అందరి కాళ్ళూ చూస్తున్నాడు. ఎవరి పాదం వాళ్ళు బల్ల కిందికి లాక్కుంటున్నారు. బొంగరం మాత్రం చెప్పు విడిచి కాలు ముందుకు చాచేసింది.

బూటు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఆ రోజు నుంచి హాల్లో ఆవిడకి ఇంకో పేరు, శాంపిల్ కాలు.

శాంపిల్ బూట్లని పరీక్షించే కొలతల గది పై అంతస్తులో ఉంది. కిటికీలోంచి చూస్తే కింద పెరడు, దాని అవతల గేటు. గది మధ్యలో పరిగెత్తే బెల్టు, పక్కన కెమెరా. అక్కడి ఇంజనీరమ్మని అందరూ కొలతల మేడమ్ అంటారు. మేడమ్ బొంగరం తుంటి దగ్గర ఒకటి, మోకాలి పక్కన ఒకటి, చీలమండ మీద ఒకటి, చిటికెన వేలి దగ్గర ఒకటి తెల్లబిళ్ళలు అంటించేది. బెల్టు తిరుగుతుంటే తెర మీద ఒళ్ళూ బట్టలూ ఏవీ ఉండవు, ఆ బిళ్ళల్ని కలుపుతూ మూడు గీతలు పరిగెడుతుంటాయి అంతే. తన కాలే అయినా, పుల్లలతో చేసిన ఇంకెవరి కాలో అన్నట్టు ఉండేది.

మేడమ్ చదువుకున్న మనిషే అయినా మాట దాచుకునే రకం కాదు. తెర చూపించి చెప్పేది.

"ఇదిగో చూడమ్మా, మడమ కింద మెత్త దండిగా ఉంటే కాలు ఏం చేస్తుందంటే, ఇక భయం లేదనుకుని బారుగా ముందుకు వెళ్ళిపోతుంది. మోకాలు చాచుకునే ఉంటుంది, మడమ ముందు తగులుతుంది. అదే సోలు పలచగా ఉంటే మడమకి దెబ్బ తెలుస్తుంది. అందుకని అడుగు దగ్గరగా పడుతుంది, మోకాలు ముందే వంగుతుంది, పాదం ముందుభాగం ముందు ఆనుతుంది."

"అయితే పలచనిదే మంచిదా మేడమ్?"

"అలా తేల్చేస్తే నా ఉద్యోగం ఎందుకు? అప్పుడు చీలమండా, పిక్కా ఎక్కువ పని చేస్తాయి. బరువు ఎక్కడికీ పోదు. ఎవరు మోస్తారన్నదే తేడా."

ఈ మడమ సంగతి ఆలోచిస్తే చిత్రంగానే ఉంటుంది. గుర్రం మీద కూర్చున్నవాడి పాదం రికాబులోంచి జారిపోకుండా ఉండడానికి చెప్పుకి మడమ పెట్టారని కొన్ని పుస్తకాలు చెబుతాయి. గుర్రాలు పోయాయి, మడమ మిగిలింది. దాని కింద ఇప్పుడు రబ్బరూ, గాలీ, జిగురూ పోసి మనిషి పరిగెడుతున్నాడు. చెప్పుల్లేని పిల్లలు సందులో పరిగెడుతుంటే చప్పుడు వినపడదు. వాళ్ళకే మంచి బూట్లు తొడిగితే నేల దడదడలాడుతుంది. విన్నవాళ్ళెవరికైనా తెలిసిన సంగతే ఇది.

పరిగెత్తే ముందు మేడమ్ ప్రతిసారీ ఒక మాట అనేది: "బాగా పరిగెత్తమ్మా." బొంగరం బాగా పరిగెత్తేది. మోకాలు వంచి, మెత్తగా, చప్పుడు లేకుండా. తెర మీద గీతలు చక్కగా ఊగేవి. "నీ కాలు బంగారమమ్మా" అనేది మేడమ్. పుట్టిన దగ్గరనుంచీ కాలు ఆపు, కాలు ఆపు అని తిట్లు తిన్న మనిషికి కాలు బంగారమని ఒకరు అంటే ఎలా ఉంటుంది! ఇంటికి వచ్చి మొగుడికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అతను అద్దంలోంచి కన్ను తియ్యకుండానే "బంగారమైతే కుదురుగా ఉండేది" అన్నాడు.

ఆ యేడు మడమ కింద మెత్త దండిగా వేసిన ఎత్తు మడమ రకం ఒకటి కొత్తగా వచ్చింది. బొంగరం పరిగెత్తింది, గీతలు చక్కగా వచ్చాయి, బూటు ఓకే అయింది. ఫ్యాక్టరీ పనివాళ్ళకి ఇచ్చే జోడుని చెల్లెలి సైజులో అడిగింది. అది చేతికి రాగానే ఆవిడ దాన్ని తీసుకుని నేరుగా చెల్లెలి గదికి పరిగెత్తింది.

చెల్లెలు ఈవిడకంటే బాగా చిన్నది. తల్లి పోయాక ఈవిడ చంకలో పెరిగింది. మందుల గోదాములో పెట్టెలు ఎత్తే పని చేస్తూ, అగ్నిమాపక దళంలో చేరాలని మొండిపట్టు పట్టుకుని కూర్చుంది. చేరాలంటే ముందు పరుగు పరీక్ష నెగ్గాలి. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరిసారి. ఇప్పుడు పోతే మళ్ళీ లేదు. రోజూ పొద్దున్నే మైదానంలో పరిగెత్తేది, బొటనవేలు బయటికి తొంగిచూసే పాత గుడ్డ బూట్లతో. వాటి సోలు అరిగి అరిగి అప్పడంలా అయిపోయింది.

"పారేయ్ ఆ దరిద్రాన్ని! ఇవి తొడుక్కో. నేను ఓకే చేసిన జోడు."

"అక్కా, ఇవి తొడుక్కుంటే మేడెక్కినట్టుంది."

"మేడెక్కితేనే నిచ్చెనలెక్కే ఉద్యోగం వస్తుంది. కట్టుకో ముందు."

కొన్నాళ్ళు చెల్లెలు మేఘాల మీద పరిగెడుతున్నానంది. ఆ తర్వాత మెట్లు దిగేటప్పుడు మోకాలు కటకటలాడుతోందంది. ఆ తర్వాత ఏమీ అనడం మానేసింది. ఒకరోజు భోజనానికి వచ్చినప్పుడు నేల మీద కూర్చుని, లేవబోయి, గోడ పట్టుకుంది. గడియారాల బావ అద్దం తీసి చూశాడు. అతను అద్దం తీశాడంటే సంగతి పెద్దదే.

"ఏమైందమ్మా?"

"మోకాలి చిప్ప వెనకాల సూది గుచ్చినట్టుంది బావా. ఈ బూట్లు వచ్చిన దగ్గరనుంచీ."

బొంగరం ఒంటికాలి మీద లేచింది. "బూట్లని అనకు! అదే రకం జోడు నేను రోజూ తొడిగి పరిగెడుతున్నా. నాకేమైంది? నీకే పరిగెత్తడం రాదు."

"నీ మోకాళ్ళు వేరే కంపెనీవేమో!"

"నాకు వెటకారమా? నడక నేర్పింది నేనే నీకు!"

"అందుకే కాబోలు ఇలా తగలడింది."

బావ మళ్ళీ అద్దం పెట్టేసుకున్నాడు. చెల్లెలు అన్నం సగంలో వదిలేసి, రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగింది. ఆ దిగడం బొంగరం పైనుంచి చూసింది. చూశాక చేతులకి పని దొరకలేదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. పరీక్షకి నెల కూడా లేదు.

మర్నాడు చెప్పకుండా మైదానానికి వెళ్ళింది. కంచె వెనకాల నిలబడి చూస్తే చెల్లెలు వస్తోంది. ముందు చప్పుడు వచ్చింది, దబ్ దబ్ మని. కాలు బారుగా ముందుకి విసురుతోంది, మోకాలు కర్రలా చాచి ఉంది, మడమ నేలకి కొట్టుకుని బండికి బ్రేకు వేసినట్టు ఒళ్ళంతా ఒక్క కుదుపు. మళ్ళీ ఇంకో కాలు. మళ్ళీ కుదుపు. అప్పడం సోలు బూట్లలో పిల్లిలా పరిగెత్తిన పిల్ల ఇదేనా! అయినా బొంగరం మనసు ఒప్పుకోలేదు. బూటుది తప్పు కాదు, దీన్ని మేడమ్‌కి చూపిస్తే ఎలా పరిగెత్తాలో నేర్పుతుంది, అంతే అనుకుంది. మేడమ్‌ని బతిమాలింది. "తీసుకురా, ఇద్దర్నీ పక్కపక్కన చూద్దాం" అంది మేడమ్.

చెల్లెలు గేటు దగ్గరికి వచ్చే వేళకి బొంగరం పై గదిలో ఉంది. బిళ్ళలు అంటించుకుని, ఆ ఎత్తు మడమ శాంపిల్ జోడే తొడుక్కుని. కాపలా అతను లోపలికి వదలడం లేదని కిటికీలోంచి కనపడగానే ఆగలేక, మెట్లు దిగి, పెరడు అడ్డంగా పరుగు లంకించుకుంది.

"మా చెల్లెలే! వదలవయ్యా, మేడమ్ రమ్మన్నారు!"

కాపలా అతను పక్కకి తప్పుకున్నాడు. చెల్లెలు మాత్రం కదలకుండా అక్క కాళ్ళనే చూస్తోంది.

"రా, ఏంటలా చూస్తున్నావు?"

"ఏం లేదు. పద."

పైకి వెళ్ళాక ముందు బొంగరం బెల్టెక్కింది. మేడమ్ అలవాటుగా అంది, "బాగా పరిగెత్తమ్మా." గీతలు చక్కగా ఊగాయి. తర్వాత చెల్లెలు ఎక్కింది. పుల్లల కాలు ముందుకి చాచుకుని టక్కున నిలబడి, అప్పుడు వంగింది. రెండూ పక్కపక్కన పెడితే ఒకే బూటంటే ఎవరూ నమ్మరు.

"చూశావా!" అంది బొంగరం. "నేను చెప్పలా?"

చెల్లెలు బెల్టు దిగి, చెమట తుడుచుకుంటూ, మేడమ్ వైపు తిరిగింది. "మేడమ్, ఒక మాట. అక్క ఇందాక గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. అచ్చం నాలాగే వచ్చింది. దబ్ దబ్ మని. ఇక్కడ వేరేగా పరిగెడుతోంది."

"ఏం కూస్తున్నావే?"

"నిజమే కూస్తున్నా."

మేడమ్ కెమెరాని స్టాండుతో సహా ఎత్తి కిటికీ దగ్గర పెట్టింది. "వెళ్ళి గేటు దాకా పరిగెత్తి రా అమ్మా."

"బాగా పరిగెత్తనా?"

"వద్దు. ఊరికే వెళ్ళి రా. కాపలా అతన్ని టైమెంతైందో అడుగు."

బొంగరం మెట్లు దిగింది. పెరట్లోకి వచ్చాక కాళ్ళు తనవి కానట్టున్నాయి. పైన కెమెరా ఉందని తెలుసు, మోకాలు వంచాలని ఒళ్ళు తహతహలాడుతోంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎలా పరిగెత్తాలో తెలియక నిలబడింది. వంచి పరిగెడితే ఇంత కాలపు బంగారమూ నిలుస్తుంది, చెల్లెలి మాట అబద్ధమవుతుంది. తెర చూపించిందే నిజమనుకుని చెల్లెలు ఇంకో మూడు వారాలు కుంటుకుంటూ ఇవే బూట్లలో పరిగెడుతుంది. మెట్లు దిగుతున్న ఆ పిల్ల కళ్ళ ముందు మెదిలింది. బొంగరం పైకి చూడడం మానేసి, గేటు దగ్గర బస్సు వెళ్ళిపోతున్నట్టు ఊహించుకుని పరిగెత్తింది. దబ్ దబ్ మని.

పైకి వచ్చేసరికి మేడమ్ తెర ముందు ఉంది. కర్రలా చాచిన పుల్లల కాలు తెర మీద ఆగి ఉంది.

"నేను కావాలని చెయ్యలేదు మేడమ్," అంది బొంగరం. "మీరు బాగా పరిగెత్తమంటారు కదా. ఏ బూటు తొడిగినా దాని సంగతి నాలుగు అడుగుల్లో తెలిసిపోతుంది. మడమ కొట్టుకుంటుందనిపిస్తే వంచేస్తా. బూటు తప్పు కాలితో సర్దేస్తున్నానని నాకు తోచలేదు."

"నాకూ తోచలేదుగా. ఆ మాట రోజూ అన్నది నేను." మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "బూటుని చూస్తున్నాననుకున్నా. ఇన్నాళ్ళూ నీ మర్యాదని చూశాను."

ఆ తర్వాత పద్ధతి మారింది. కుట్టు హాల్లోంచి ఆ సైజు కాళ్ళవాళ్ళని కొందర్ని వెతికారు, ఒకరిని ఒకరోజు, ఇంకొకరిని ఇంకోరోజు, ఎందుకో చెప్పకుండా పరిగెత్తించారు. ఎత్తు మడమ రకాన్ని మళ్ళీ పరీక్షకి పెట్టారు. కొందరికి అది హాయిగానే ఉంది, కొందరికి లేదు. బొంగరం మళ్ళీ కుట్టు హాల్లో కుర్చీకి చేరింది. మేస్త్రీ "శాంపిల్ కాలు గారూ, స్వాగతం" అన్నాడు. ఆవిడ దారం తేవడానికి లేచింది.

కానీ అది తర్వాతి మాట. ఆ రోజు గదిలో అందరికీ పట్టిందల్లా చెల్లెలి మోకాలే. డాక్టరుకి చూపిస్తే, లోపల చిరుగులేమీ లేవు, మోకాలి మీద బరువు తగ్గించమన్నాడు. మేడమ్ ఎత్తు మడమ జోడు పక్కన పెట్టించింది. పాత అప్పడాల్లోకి ఒక్కసారిగా వెళ్తే పిక్క పట్టేస్తుందని, మధ్యరకం సోలు జోడు ఒకటి ఇచ్చింది.

"అడుగు చిన్నది చెయ్యి. వేగం తగ్గించకు, అడుగులు ఎక్కువ వెయ్యి. మోకాలికి పని తగ్గుతుంది. పిక్క మాత్రం తిట్టుకుంటుంది."

"పిక్క తిడితే పడతాను మేడమ్. మోకాలే నాతో మాట్లాడడం మానేసింది."

రోజూ పొద్దున్నే అక్కాచెల్లెళ్ళిద్దరూ మైదానంలో. మొదట నడక, తర్వాత కాస్త పరుగు, నొప్పి తెలియగానే ఆపడం. ఆపడం చెల్లెలికి కాదు, బొంగరానికే గండం. పక్కనే పరిగెడుతూ చెవి పెట్టి వినేది. చప్పుడు పెరిగిందంటే "బారు! బారవుతోంది!" అని అరిచేది. సాయంత్రం చెల్లెలు పిక్కలు నొక్కుకుంటూ కూర్చుంటే బావ గడియారాల నూనె తెచ్చి ఇవ్వబోయాడు. "బావా, నేను గోడ గడియారాన్ని కాను" అంది ఆ పిల్ల. అతను నవ్వాడు. చాలా కాలానికి నవ్వాడని బొంగరం గమనించింది, కానీ ఆగి ఆనందించే తీరిక లేకపోయింది.

పరీక్ష రోజు బొంగరాన్ని మైదానం లోపలికి రానివ్వలేదు. కంచె బయట నిలబడమన్నారు. నిలబడడం ఎవరి వల్లవుతుంది? గుంపు బయలుదేరగానే ఆవిడా కంచె వెంట బయలుదేరింది. కాఫీ తాగుతున్నవాళ్ళనీ, కూర్చున్నవాళ్ళనీ తప్పించుకుంటూ, కళ్ళు మాత్రం చెల్లెలి మోకాళ్ళ మీద. మొదటి చుట్టు బాగుంది. రెండోదీ బాగుంది. చుట్టుపక్కలవాళ్ళు మొహాలు చూస్తున్నారు, ఎవరు ముందు ఎవరు వెనక అని. బొంగరానికి మొహాలు కనపడడం లేదు. కాలు వంగి పడుతోందా, చాచి పడుతోందా, అదొక్కటే.

ఆఖరి చుట్టులో అలసట వచ్చింది. అలసిన మనిషి పాత అలవాటుకి పోతాడు. ముందున్నవాళ్ళని అందుకోవాలని చెల్లెలు కాలు విసరడం మొదలుపెట్టింది. ఒక అడుగు. ఇంకో అడుగు. ఆ రెండో అడుగుకి మొహం ముడుచుకుంది.

బొంగరం కంచె పట్టుకుని అరిచింది. "చిన్నగా! అడుగు చిన్నగా!"

పక్కనున్న పెద్దమనిషి తిరిగి చూశాడు. "ఏమ్మా, మీవాళ్ళేనా? ఓడిపొమ్మంటున్నారేం?"

"మీరూరుకోండి! చిన్నగా వెయ్యవే! చిన్నగా!"

చెల్లెలికి వినపడిందో, మోకాలే చెప్పిందో. అడుగు కురచబడింది. చూస్తుంటే వెనకపడుతున్నట్టే ఉంది. ఇద్దరు దాటిపోయారు. బొంగరం పళ్ళు బిగించింది. పొట్టి అడుగులు టకటకా, టకటకా, కుట్టు మిషను సూదిలా. అందమేమీ లేదు ఆ పరుగులో. మలుపు తిరిగింది. తెల్లగీత దాటింది. గడువు అయిపోయిందని గడియారం పట్టుకున్న ఆఫీసరు ఈల ఊదింది ఆ తర్వాతే. ఈలకి వెనక మిగిలినవాళ్ళు వెనకే మిగిలారు.

చెల్లెలు గడ్డి మీద కూలబడి పిక్క పట్టుకుని మెలికలు తిరుగుతోంది. నెగ్గినవాళ్ళ బంధువుల్ని లోపలికి వదిలారు. బొంగరం అందరికంటే ముందు చేరింది.

"మోకాలు?"

"ఉంది."

"ఉండడమంటే?"

"ఉందక్కా, కొంచెం గొణుగుతోంది అంతే. పిక్క చూడు, రాయైపోయింది."

బొంగరం గడ్డిలో కూర్చుని పిక్క నిమురుతుంటే ఒకతను పెద్ద పెట్టె ఈడ్చుకొచ్చి, నెగ్గినవాళ్ళ ముందు రబ్బరు బూట్లు జతలు జతలుగా పడేస్తూ పోయాడు. మధ్యాహ్నం నిచ్చెన పరీక్షకి అవే తొడుక్కోవాలట. మోకాలి దాకా వచ్చే నల్లటి బూట్లు. చెల్లెలు ఇంకా చెయ్యి చాచకముందే బొంగరం ఒకటి లాక్కుంది. తిరగేసి మడమ చూసింది. సోలు వంచబోయింది, అది వంగలేదు. లోపల చెయ్యి పెట్టి చీలమండ దగ్గర నొక్కింది. మొహం మాడిపోయింది.

"ఇందులో చీలమండ కదిలే దారేదే? అది కదలకపోతే మళ్ళీ మోకాలే..."

"అక్కా."

"ఆ ఆఫీసరెక్కడ? ఇది ఎవరు తొడిగి చూశారో అడిగొస్తా."

"అక్కా, అది ఇటివ్వు. నిచ్చెన ఎక్కాలి నేను."

"ఒక్క నిమిషం. ముందు నేను తొడిగి నాలుగడుగులు వేస్తా."

"సైజు చూశావా? నాది నీ సైజు కాదు."

బొంగరం సైజు చూసింది. నిజమే, ఒక అంకె పెద్దది. అయినా చెప్పు విడిచి పాదం అందులోకి దూర్చేసింది. లేచి, వదులు బూటులో మడమ లోపల కొట్టుకుంటుండగా, ఒంటి బూటుతో గడ్డి మీద అటూ ఇటూ పరిగెత్తడం మొదలుపెట్టింది. ఎవరికోసమూ బాగా కాదు, ఊరికే, ఆ బూటు కాలిని ఏం చేస్తోందో చూద్దామని. చుట్టూ నవ్వులు.

చెల్లెలు రెండో బూటు ఒళ్ళో పెట్టుకుని, పిక్క నొక్కుకుంటూ, అక్క మోకాలినే కన్నార్పకుండా చూస్తోంది. "ఇంకోసారి వెళ్ళి రా," అంది. "ఈసారి నన్ను చూడకుండా పరిగెత్తు."